విప్పితే కార్డులు... విప్పకపోతే కోట్లు!

అయిదు సెంట్లు పెట్టి ఓ పిల్లాడు వీధి చివరి కొట్లో బబుల్‌గమ్ ప్యాకెట్ కొన్నాడు. మైనం కాగితం చింపేశాడు. గమ్ నోట్లో వేసుకున్నాడు. లోపలున్న ఆటగాళ్ల బొమ్మల్లో నచ్చినవి జేబులో పెట్టుకున్నాడు. నచ్చనివి సైకిల్ చక్రం పుల్లల మధ్య ఇరికించి టకటకమని చప్పుడు చేసుకుంటూ ఇంటికి పోయాడు. 1950ల్లో అమెరికాలో ఏ ఊళ్లో చూసినా ఇదే తంతు.

కథని కాస్త మార్చి చూడండి. ఆ రోజు పిల్లాడికి జ్వరం వచ్చింది. ప్యాకెట్ విప్పకుండానే బీరువా వెనక్కి జారిపోయింది. డెబ్భై ఏళ్ల తర్వాత ఇల్లు ఖాళీ చేస్తుంటే మనవడికి దొరికింది. తాత అయితే క్షణంలో చింపేసేవాడు. మనవడికి మాత్రం దాన్ని ముట్టుకోవాలంటేనే చేతులు వణుకుతాయి. ఎందుకంటే లోపల ఏముందో తెలియనంత వరకే దానికి ఆ విలువ. విప్పాక వచ్చేది ఓ గొప్ప కార్డు కావచ్చు, ఎవరికీ అక్కర్లేని నాలుగైదు అట్టముక్కలూ కావచ్చు.

అమెరికాలో పాతకాలం బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్లని విప్పకుండా దాచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కో ప్యాకెట్‌కి వేల డాలర్లు పెట్టేవాళ్లున్నారు. అయితే వాళ్లందర్నీ నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటుంది. ఆ ప్యాకెట్‌ని నిజంగా ఎవరూ విప్పలేదని నమ్మకం ఏమిటి? విప్పి చూస్తే తప్ప తెలియదు. విప్పితే కొన్న విలువ పోతుంది!

సిగరెట్ పెట్టెలోంచి...

మనకి క్రికెట్ ఎలాగో అమెరికన్లకి బేస్‌బాల్ అలాగ. ఆటగాళ్ల బొమ్మలు దాచుకునే సరదా అక్కడ 1880ల నాటికే ఉంది. సిగరెట్ పెట్టె నలిగిపోకుండా లోపల ఓ గట్టి అట్టముక్క పెట్టేవారు. అది ఖాళీగా ఎందుకుండాలని దానిమీద నటీమణుల బొమ్మలూ ఆటగాళ్ల బొమ్మలూ వేయడం మొదలెట్టారు. తండ్రి సిగరెట్ తాగితే పిల్లాడికి బొమ్మ దక్కేది. 1930ల్లో ఆ బొమ్మ సిగరెట్‌ని వదిలి బబుల్‌గమ్‌తో జత కట్టింది. బోస్టన్‌లోని గౌడీ కంపెనీ 1933లో వేసిన కార్డులకి ఇప్పటికీ మంచి గిరాకీ. మన దగ్గర అగ్గిపెట్టె బొమ్మలు పోగేసిన తరానికీ, బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలు మార్చుకున్న తరానికీ ఈ సరదా ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు కథ నడిపింది మాత్రం టాప్స్ కంపెనీ. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1938లో పుట్టిన ఈ కంపెనీది మొదట గమ్ వ్యాపారమే. అందులో పనిచేసే సై బెర్గర్ అనే కుర్రాడు 1951లో తన ఇంట్లో వంటింటి బల్ల మీద కూర్చుని, సహోద్యోగి వుడీ గెల్మన్‌తో కలిసి ఓ కొత్త రకం కార్డుకి రూపమిచ్చాడు. ముందువైపు ఆటగాడి రంగుల బొమ్మ, సంతకం, జట్టు గుర్తు. వెనకవైపు అతని పుట్టుపూర్వోత్తరాలు, ఆడిన ఆటల లెక్కలు. 1952లో మార్కెట్లోకి వచ్చిన ఆ సెట్‌లో మొత్తం 407 కార్డులు. తర్వాత వచ్చిన బేస్‌బాల్ కార్డులన్నీ దాదాపు దాని అచ్చులో పోసినవే.

407 కార్డుల్నీ కంపెనీ ఒకేసారి వదల్లేదు. విడతలవారీగా వదిలింది. 311వ నంబరు నుంచి మొదలయ్యే ఆఖరి విడత వచ్చేసరికి బేస్‌బాల్ సీజన్ అయిపోవచ్చింది. పిల్లల మనసు వేరే ఆటల మీదకి మళ్లింది. కొట్లవాళ్లు సరుకు తీసుకోలేదు. మిగిలిపోయిన డబ్బాలు ఏళ్ల తరబడి గోదాములో మూలుగుతూ ఉన్నాయి. బెర్గర్ వాటిని సంతల్లో అమ్మజూశాడు. కార్డు ఒక్క సెంటన్నాడు. తర్వాత సెంటుకి పది అన్నాడు. అయినా కొన్నవాళ్లు లేరు. చివరికి 1960 ప్రాంతంలో వాటిని చెత్త లారీలకెక్కించి, అక్కణ్నుంచి పడవలోకి మార్చి, న్యూజెర్సీ తీరానికి దూరంగా అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. ఈ సంగతిని ఆయనే తర్వాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. 2014లో 91 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఆ విడతలో మొదటి కార్డు, అంటే 311వ నంబరు, మికీ మాంటిల్‌ది. న్యూయార్క్ యాంకీస్ జట్టులో అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న కుర్రాడు. 2022 ఆగస్టులో ఆ కార్డు ఒకటి వేలంలో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. అప్పటి లెక్కన మన రూపాయల్లో దాదాపు 100 కోట్లు! చేపల పాలైన సరుకు ఖరీదెంతో లెక్కేయాలంటే గుండె దిటవు కావాలి.

పెట్టె అడుగున మిగిలింది

'మా అమ్మ పారేసింది' - అమెరికాలో అరవై, డెబ్భై ఏళ్లు దాటిన మగవాళ్లని పాత కార్డుల గురించి అడిగితే చాలామంది చెప్పే మాట ఇదే. కొడుకు కాలేజీకో సైన్యానికో వెళ్లగానే గది సర్దిన తల్లి చేసిన పని. మన ఇళ్లలో పాత చందమామలు తూకానికి పోయినట్టే. పాపం, వాళ్లని అనడానికేముంది! కాగితం ముక్కలకి అంత విలువ వస్తుందని ఎవరికి మాత్రం తెలుసు?

విడి కార్డుల సంగతే అలా ఉంటే, విప్పని ప్యాకెట్లు మిగలడం ఇంకెంత అరుదో ఊహించుకోవచ్చు. పిల్లాడు ప్యాకెట్ కొనేదే చింపడానికి. విప్పకుండా దాచాలన్న ఆలోచన ఏ పిల్లాడికీ రాదు. అందుకే పాత ప్యాకెట్లు మిగిలాయంటే అందుకు కారణం ప్రేమ కాదు, మరపు. మూతపడ్డ కొట్టు వెనక గదిలోనో, పంపిణీదారు గోదాములోనో అమ్ముడుపోని సరుకుగా పడి ఉన్నవే ఎక్కువ. 1980ల మధ్యలో అలాన్ రోజెన్ అనే కార్డుల వ్యాపారికి ఇలాంటి అదృష్టమే తగిలింది. బోస్టన్ పరిసరాల్లోని ఓ ఇంట్లో 1952 నాటి ఆఖరి విడత కార్డులు వేలల్లో చెక్కుచెదరకుండా దొరికాయి. నోట్ల కట్టలు పట్టుకెళ్లి వాటిని అక్కడికక్కడే కొనేసే ఆయన్ని అందరూ 'మిస్టర్ మింట్' అనేవారు. 100 కోట్ల మాంటిల్ కార్డు ఆ దొంతర లోంచి వచ్చిందే. 1991లో ఒకాయన దాన్ని 50 వేల డాలర్లకి - అప్పటి మన లెక్కలో పదకొండు లక్షల రూపాయల చిల్లరకి - కొని ముప్ఫై ఏళ్లు దాచుకున్నాడు.

ఇలాంటి కథలు విన్నవాళ్లకి తట్టే ఆలోచన ఒకటే. విప్పని పాత ప్యాకెట్ దొరికితే? మనిషి చేయి తగలని కార్డు అందులో ఉంటే? ఆశకి ధర కట్టడం అక్కడ మొదలైంది. ఎవరో ఒకరు ఆగలేక ప్యాకెట్ విప్పినప్పుడల్లా లోకంలో విప్పని ప్యాకెట్ ఒకటి తగ్గుతుంది. మిగిలినవాటి రేటు ఆ మేరకి పెరుగుతుంది.

అయితే విప్పినవాళ్లలో చాలామందికి దక్కేది నిరాశే. మనిషి చేయి తగలకపోయినా కాలం చేయి తగులుతుంది కదా. కాగితాన్ని అతికించిన చోట కరిగిన మైనం కార్డు మీద మరక చేస్తుంది. గమ్‌కి ఆనుకున్న కార్డు మీద దాని జిగురు, తీపి ఇంకి గోధుమరంగు మచ్చ మిగులుతుంది. అసలు ఫ్యాక్టరీలో కోసినప్పుడే బొమ్మ ఓ పక్కకి జరిగిపోయిన కార్డులూ బోలెడు. కార్డులకి ఒకటి నుంచి పది వరకు మార్కులేసే కంపెనీలున్నాయి. పది వచ్చిన కార్డుకీ తొమ్మిది వచ్చిన కార్డుకీ ధరలో హస్తిమశకాంతరం. విప్పని ప్యాకెట్‌లోంచి వచ్చిందని చెప్పినా మార్కులేసేవాళ్లు కనికరించరు.

ఇస్త్రీ పెట్టె మాయ

ఆశ ఉన్నచోట మోసం ఉండకుండా ఉంటుందా!

పాత ప్యాకెట్‌కి వాడింది మామూలు మైనం పూసిన కాగితం. కార్డుల దొంతర మీద గమ్ ముక్క పెట్టి, కాగితం చుట్టి, వెనకవైపు మడతల మీద యంత్రంతో వేడి తగిలిస్తే మైనం కరిగి అతుక్కునేది. అంతే. అంటే దాన్ని ఓపిగ్గా ఊడదీసి, మంచి కార్డు తీసేసి, చవక కార్డు పెట్టి, మళ్లీ మడతపెట్టి, కాస్త వేడి చూపిస్తే చాలు. పెద్ద యంత్రమేం అక్కర్లేదు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉంటే సరిపోతుంది. ఇలా తిరిగి అతికించిన ప్యాకెట్లు ఏళ్ల తరబడి కార్డుల సంతల్లో చేతులు మారాయి. కొన్నవాడు విప్పడు కాబట్టి మోసం బయటపడదు. దొంగకి ఇంతకంటే హాయైన వ్యాపారం మరొకటి ఉంటుందా? సొమ్ము పోగొట్టుకున్నవాడే దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుని మురిసిపోతుంటాడు!

మైనం కాగితంతో పాటు పైకి కనిపించే సెలోఫేన్ ప్యాకెట్లు మరో రకం. వాటిలో పైనున్న కార్డూ అడుగునున్న కార్డూ బయటికే కనిపిస్తాయి. 1980 నాటి అలాంటి ప్యాకెట్ పైన రికీ హెండర్సన్ అనే కొత్త కుర్రాడి బొమ్మ కనిపించిందా, దాని ధర మామూలు ప్యాకెట్ కంటే ఎన్నో రెట్లు. లోపలేముందో పైకే తెలుస్తున్నప్పుడు మోసగాడి పని ఇంకా తేలిక. మామూలు ప్యాకెట్ విప్పి, విడిగా కొన్న హెండర్సన్ కార్డుని పైన పెట్టి మళ్లీ మూసేయడమే.

అసలు విప్పకుండానే మోసం చేసే దారి కూడా ఉంది. అచ్చేసిన పెద్ద షీట్లని కోసి, యంత్రాల్లో పేర్చేటప్పుడు కార్డులు తరచూ ఒకే వరసలో పడేవి. ఫలానా కార్డు పైన కనిపిస్తే దాని కింద ఫలానావి ఉంటాయని ఆ వరస కనిపెట్టినవాళ్లు ఊహించగలరు. వాళ్లు మంచివి ఏరుకుని మిగిలినవి అమ్మేస్తారు. ప్యాకెట్ నిజంగానే విప్పనిది. కానీ అందులో ఆశ మాత్రం ఎప్పుడో ఖాళీ అయిపోయింది.

కార్డుల కంపెనీలకీ ఈ బాధ తెలియకపోలేదు. 1989లో అప్పర్ డెక్ అనే కొత్త కంపెనీ రంగంలోకి దిగినప్పుడు గమ్‌నీ మైనం కాగితాన్నీ రెంటినీ వదిలేసింది. ఓసారి చింపితే మళ్లీ అతకడం కుదరని ఫాయిల్ ప్యాకెట్ తెచ్చింది. ప్రతి కార్డు మీదా నకిలీ చేయలేని హోలోగ్రామ్ ముద్ర వేసింది. రెండేళ్లు తిరిగేసరికి టాప్స్ కూడా తన కార్డుల్లోంచి గమ్ తీసేసింది. గమ్ ముక్క ఉన్న మామూలు టాప్స్ ప్యాకెట్లు 1991తో ఆఖరు.

నాడి పట్టి చెప్పేవాళ్లు

మరి పాతవాటి సంగతి ఎవరు తేల్చాలి? అందుకూ నిపుణులు పుట్టుకొచ్చారు. ఇండియానా రాష్ట్రంలోని బేస్‌బాల్ కార్డ్ ఎక్స్ఛేంజ్ ఈ పనిలో పేరుమోసిన సంస్థ. ప్యాకెట్‌ని కోయకుండా, చింపకుండా లోపలి సంగతి చెప్పాలి. రోగిని తాకి, చూసి, నాడి పట్టి రోగం చెప్పే పాతకాలం వైద్యుడి పనిలాంటిది.

వాళ్లు మొదట చూసేది మడత. యంత్రం పెట్టిన మడత ఒక్కసారే పడుతుంది. దాని పక్కనే మరో సన్నటి గీత ఉందంటే కాగితం రెండోసారి మడతపడినట్టు. తర్వాత మైనం. ఫ్యాక్టరీ వేడికి కరిగిన మైనానికి ఒక తీరూ తెన్నూ ఉంటుంది. ఇస్త్రీ పెట్టె తగిలితే అది అనవసరమైన చోట్లకి పాకుతుంది, కొన్నిచోట్ల మెరుస్తుంది. ఆ తర్వాత గమ్. దశాబ్దాలు గడిచాక అది పెంకులా పెళుసెక్కుతుంది. దాని అచ్చు కాగితం మీద పడి ఉంటుంది. అచ్చు ఒకచోట, గమ్ మరోచోట ఉంటే అనుమానించాల్సిందే. ఏ ఏడాది కాగితం ఎంత బిగుతుగా చుట్టుకుని ఉంటుంది, ఏ రకం ప్యాకెట్‌కి అతుకు ఎక్కడ వస్తుంది లాంటివి పుస్తకాల్లో దొరికేవి కావు. వేల ప్యాకెట్లు చేతుల్లో తిరిగితే తప్ప పట్టుబడవు.

ప్యాకెట్ల పెట్టెది మరో తలనొప్పి. 1970ల చివర్లో, 80ల్లో కొట్టు బల్ల మీద పెట్టే టాప్స్ పెట్టెలో 36 ప్యాకెట్లు ఉండేవి. ఆ అట్టపెట్టెకి పైన ప్లాస్టిక్ కవరేం ఉండేది కాదు. మూత తీసి ప్యాకెట్ ఇచ్చేసి మూత పెట్టేయడమే. అంటే ఆ పెట్టెలోకి ఎవరు ఏ ప్యాకెట్ ఎప్పుడు చేర్చారో దేవుడికెరుక. అందుకే నిపుణులు ఒక్కో ప్యాకెట్‌నీ తీసి చూసి, అన్నీ సరిగ్గా ఉంటే ఆ పెట్టెకి తమ సొంత ప్లాస్టిక్ పొర చుట్టి ముద్ర వేస్తారు. ఫ్యాక్టరీ అతికించిన పెద్ద డబ్బాని - దాన్ని 'కేస్' అంటారు - వాళ్ల ఎదుటే తెరిస్తే 'సీల్ విప్పని కేస్‌లోంచి తీసింది' అని ప్రత్యేకంగా రాస్తారు. ఆ ఒక్క మాటతో ధర అమాంతం పెరుగుతుంది. చూశారా... కొనేవాడు ఇక్కడ కొంటున్నది కార్డులని కాదు, గమ్‌నీ కాదు. ఓ పెద్దమనిషి ఇచ్చిన మాటని!

ఆ మాట తప్పితే?

2021 డిసెంబరులో లోగన్ పాల్ అనే యూట్యూబ్ తార ఓ పెద్ద డబ్బా కొన్నాడు. అది బేస్‌బాల్ కార్డులది కాదు, పిల్లలు పడిచచ్చే పోకెమాన్ కార్డులది. మొట్టమొదటి ముద్రణ పెట్టెలున్న, ఫ్యాక్టరీ సీల్ విప్పని కేస్ అని చెప్పారు. ఇచ్చిన ధర 35 లక్షల డాలర్లు. అంటే పాతిక కోట్ల రూపాయల పైమాటే. దాన్ని అసలైనదేనని ధ్రువీకరించింది బేస్‌బాల్ కార్డ్ ఎక్స్ఛేంజే. కొన్న సంగతి బయటికి రాగానే పోకెమాన్ అభిమానుల్లో కొందరు ఆ డబ్బా తీరు మీద అనుమానాలు లేవనెత్తారు. 2022 జనవరిలో పాల్ షికాగో వెళ్లి, ధ్రువీకరించినవాళ్ల సమక్షంలోనే డబ్బా కోశాడు. లోపల పెట్టెలున్నాయి. వాటికి పోకెమాన్ కాగితం చుట్టి ఉంది. ఆ కాగితం లోపల... జి.ఐ. జో కార్డులు! వేరే బొమ్మలవి, అగ్గువ సరుకు. అచ్చంగా మేడిపండు వ్యవహారం.

నిపుణుల తప్పేనా అంటే, తప్పే. కానీ వాళ్ల ఇరకాటమూ చూడాలి. డబ్బాకి ఫ్యాక్టరీ టేపు ఉన్నట్టే కనిపించింది. అది కోస్తే తప్ప లోపలి పెట్టెలు చూడలేరు. కోస్తే ఆ క్షణంలోనే 'సీల్ విప్పని కేస్' అన్న హోదా పోతుంది. వెరసి, దేని విలువ ఎక్కువో దాన్ని పరీక్షించడం అంత కష్టం. ఒక్క ప్యాకెట్ అయితే అతుకులు చూడొచ్చు. పెట్టె అయితే ప్యాకెట్లు చూడొచ్చు. కేస్ దగ్గరకొచ్చేసరికి అట్టా టేపూ తప్ప కంటికి ఆనేది ఏమీ ఉండదు. సొమ్ము మాత్రం అక్కడే కోట్లలోకి ఎగబాకుతుంది.

విడి కార్డుల్లోనూ నమ్మకం ఇలాగే దెబ్బతిన్న ఉదంతం ఉంది. సిగరెట్ పెట్టెల కాలం నాటి హోనస్ వాగ్నర్ కార్డు బేస్‌బాల్ ప్రపంచంలో కోహినూర్ లాంటిది. 1991లో ఐస్ హాకీ మహావీరుడు వేన్ గ్రెట్జ్‌కీ, మరో భాగస్వామితో కలిసి ఆ కార్డు ఒకదాన్ని 4 లక్షల 51 వేల డాలర్లకి కొన్నాడు. అప్పుడే మొదలైన పీఎస్ఏ అనే గ్రేడింగ్ సంస్థ తొలిసారి పరీక్షించి మార్కులేసింది దానికే. పదికి ఎనిమిది! అంత పాత కార్డుకి ఆ మార్కులంటే అద్భుతమే. 2007లో అది 28 లక్షల డాలర్లకి చేతులు మారింది. 2013లో బిల్ మాస్త్రో అనే వేలంపాటల పెద్ద కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. వేలంలో తప్పుడు పాటలు పాడించడంతో పాటు, ఆ వాగ్నర్ కార్డు తన చేతిలో ఉన్నప్పుడు అంచులు తాను కత్తిరించానన్నాడు. 2015లో 20 నెలల జైలుశిక్ష పడింది. ధ్రువీకరణ అనే వ్యాపారం మొదటి మెట్టు మీదే కాలు జారిందన్నమాట. అయినా ఆ వ్యాపారం ఆగలేదు, పెరిగింది. ఎవరో ఒకరి మాట నమ్మకపోతే ఈ సంతలో ఒక్క బేరమూ కుదరదు మరి.

ఇరవై ఏడు గ్రెట్జ్‌కీలు

అదే గ్రెట్జ్‌కీ ఐస్ హాకీలో అడుగుపెట్టిన తొలినాళ్ల కార్డు ఓ-పీ-చీ అనే కెనడా కంపెనీ 1979-80 సీజన్‌లో వేసింది. ఆ కంపెనీ కేస్ ఒకటి విప్పకుండా కెనడాలోని రెజీనా నగరంలో ఓ ఇంట్లో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో వేలానికొచ్చింది. లోపల 16 పెట్టెలు. పెట్టెకి 48 ప్యాకెట్లు. ప్యాకెట్‌కి 14 కార్డులు. అన్నీ కలిపితే 10,752. ఆ సెట్‌లో ఉన్నవి 396 రకాలు కాబట్టి, సగటున చూస్తే ఒక్కో రకం 27 సార్లు రావాలి. అంటే ఆ చీకటి డబ్బాలో పాతిక పైచిలుకు గ్రెట్జ్‌కీలు ఉండాలి. ఉండాలి... అంతే. ఆ డబ్బాని అసలైనదేనని ధ్రువీకరించిన సంస్థ మళ్లీ బేస్‌బాల్ కార్డ్ ఎక్స్ఛేంజే. పాడిన ధర 37 లక్షల 20 వేల డాలర్లు, సుమారు 31 కోట్ల రూపాయలు.

పక్కనే ఇంకో లెక్క చూడాలి. పదికి పది మార్కులొచ్చిన గ్రెట్జ్‌కీ కార్డు ఒకే ఒక్కటి 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకి అమ్ముడైంది. కేస్ మొత్తం కంటే ముప్ఫై వేలు ఎక్కువ! కేస్ విప్పితే అలాంటిది ఒక్కటి దొరికినా పెట్టుబడి చేతికొచ్చేసినట్టే. దొరక్కపోతే? పదికి పది మార్కులొచ్చిన ఆ కార్డులు లోకంలో రెండంటే రెండే ఉన్నాయన్నది మార్కెట్ ఎరిగిన మాట. అందుకే అలాంటి డబ్బా చేతిలో ఉన్నవాడికి కత్తెర తీయాలని ఎంత ఉంటుందో, బీరువాకి తాళం వేయాలనీ అంతే ఉంటుంది.

ఇద్దరికీ మధ్యేమార్గంగా ఓ పద్ధతి వచ్చింది. కొందరు వ్యాపారులు పాత ప్యాకెట్‌ని కెమెరా ముందు విప్పుతారు. అందులో ఎన్ని కార్డులుంటే అన్ని వాటాలు ముందే అమ్మేస్తారు. మూడో కార్డు ఫలానా వారిది, అయిదో కార్డు ఫలానా వారిది... మన చిట్టీపాటల్లో ఉండే ఉత్కంఠ అంతా అక్కడ కనిపిస్తుంది. కాకపోతే చిట్టీలో వేసిన డబ్బు ఎప్పటికైనా తిరిగొస్తుంది. ఇక్కడ చాలామందికి మిగిలేది పక్కవాడి అదృష్టం చూసిన సంబరమే.

తెరవలేదు, కానీ చూశాడు!

విప్పకుండా లోపల చూడగలిగితే ఈ గొడవలన్నీ తీరిపోతాయి కదా అనిపిస్తుంది. 2024లో అదీ జరిగింది. ఫ్యాక్టరీల్లో యంత్ర భాగాల్ని తనిఖీ చేసే ఓ అమెరికా సంస్థ, ఆస్పత్రుల్లో తలకాయకీ పొట్టకీ తీసే సీటీ స్కాన్ లాంటిదే ప్యాకెట్‌కి తీసి, లోపలి కార్డులు ఒక్కోటీ ఏమిటో చూపిస్తామంది. కంగారు పడ్డది మోసగాళ్లు కాదు, నిజాయతీపరులు. ఎందుకంటే ఇంతకాలం అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకటే చీకటి. లోపలేముందో ఇద్దరికీ తెలియదు కాబట్టే బేరం న్యాయంగా ఉండేది. ఇప్పుడు అమ్మేవాడు స్కాన్ తీయించుకుని, మంచివి ఉంచేసుకుని, పనికిరానివి అమ్మకానికి పెడితే? అతుకులు పరీక్షించే నిపుణుడు నూటికి నూరుపాళ్లు అసలైనదేనని రాసిస్తాడు. అతను అబద్ధమాడినట్టూ కాదు. ప్యాకెట్ తెరవలేదు, చూశాడంతే! పాత పోకెమాన్ ప్యాకెట్లని సున్నితమైన త్రాసులో తూచి, మెరుపు కార్డు ఉన్న ప్యాకెట్ కాస్త బరువుగా ఉంటుందని పసిగట్టే విద్య అంతకు ముందే ఉంది. స్కాన్ దాని పెద్దన్న.

రేటు లేని పెట్టెలు

విప్పని ప్యాకెట్లన్నీ బంగారమే అనుకుంటే మాత్రం పొరపాటు. 1980ల చివర్లో పాత కార్డుల ధరలు పత్రికల్లో చూసిన అమెరికన్ తల్లిదండ్రులు, ఇంకా అచ్చువాసన పోని కొత్త కార్డుల పెట్టెలు కొని అటకల మీద పెట్టారు. 'వీటిని ముట్టుకోవద్దు, మీ కాలేజీ ఫీజులు ఇవే' అని పిల్లలకి చెప్పారు. మన ఇళ్లలో ఆడపిల్ల పెళ్లికని బంగారం కొని పెట్టినట్టు అన్నమాట. అందరూ అదే పని చేశారు. కంపెనీలూ గిరాకీ ఉంది కదా అని యంత్రాలు ఆపకుండా అచ్చేశాయి. 1994లో ఆటగాళ్లు సమ్మె చేసి, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా రద్దయ్యేసరికి జనానికి ఆట మీదే విసుగొచ్చింది. పిల్లలు పెరిగారు, కాలేజీలకి వెళ్లారు. ఫీజులు మాత్రం అటక మీంచి రాలేదు. 1987 నుంచి 1993 వరకు వచ్చిన ఆ సరుకుకి కార్డుల లోకంలో పేరే 'చెత్త మైనం' కాలం. ఇప్పటికీ వాటిలో చాలా పెట్టెలు కొన్న ధర చుట్టూనే తచ్చాడుతున్నాయి. మధ్యలో పెరిగిన ఖర్చులు లెక్కేసుకుంటే అది నష్టమే.

వాటికి నిపుణుల ముద్ర అక్కర్లేదు. ఇస్త్రీ పెట్టెతో వాటి జోలికి వచ్చే మోసగాడూ లేడు. ఒకప్పుడు 'ముట్టుకోవద్దు' అనిపించుకున్న పిల్లలు ఇప్పుడు నలభైలు దాటినవాళ్లు. సెలవురోజుల్లో అటక మీంచి ఓ పెట్టె దించుతారు. సొంత పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్యాకెట్లు వరసపెట్టి చింపుతారు. లోపలి గమ్ ముక్క పెళుసెక్కి, వేళ్ల మధ్యే విరిగిపోతుంది. తినొద్దని ఎంత చెప్పినా, దాని రుచి ఎలా ఉంటుందో చూడాలని ఓ పిల్లాడు నోట్లో వేసుకుంటాడు. మరుక్షణం పొడిపొడిగా ఉమ్మేస్తాడు.